స్క్రీన్ మీద సున్నా, వైరులో మాత్రం కాదు: అనలాగ్ అవుట్‌పుట్ కాలిబ్రేషన్‌లో అసలు జరిగేదేమిటి

క్లుప్తంగా: కంట్రోలర్ ఇచ్చిన ఆదేశాన్ని కరెంటుగానో వోల్టేజీగానో మార్చి వాల్వుకు, మోటారుకు అందించేది అనలాగ్ అవుట్‌పుట్ కార్డు. వేడికీ వయసుకూ అది మెల్లగా దారి తప్పుతుంది. ఫలితాన్ని కొలుచుకుంటూ ఆదేశాన్ని తానే దిద్దుకునే క్లోజ్‌డ్ లూప్‌లో ఆ తప్పు పైకి కనిపించదు. నమ్మకమైన మీటరుతో పోల్చి, తేడా ఎంతో రాసిపెట్టడమే కాలిబ్రేషన్. దాన్ని సరిచేయడం వేరే పని. ఈ రెండింటినీ కలిపేయడంతోనే ఆడిట్లలోనూ షాప్ ఫ్లోర్‌లోనూ సగం గందరగోళం పుడుతోంది.

బెంగళూరు పీణ్యాలో ఒక ఫ్యాక్టరీ ఉందనుకుందాం. కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద ఆవిరి వాల్వు 0 శాతం అని ఉంది, అంటే పూర్తిగా మూసుకోవాలి. కింద ట్యాంకు మాత్రం వేడెక్కుతూనే ఉంది. వాల్వు విప్పి చూస్తే అది మూసుకునే చోటు, అంటే సీటు, బాగానే ఉంది. ఆఖరికి టెర్మినల్ దగ్గర వైరు విప్పి మీటరు పెడితే 4.000 ఉండాల్సిన చోట 4.080 మిల్లీ ఆంప్స్ కనిపించాయి. ప్యానెల్ మీద ఉన్న కాలిబ్రేషన్ స్టిక్కరు గడువు ఇంకా ఏడు నెలలుంది.

ఇలాంటి చోట ముందు వచ్చే ప్రశ్న ‘కాలిబ్రేషన్ సరిగా చేయలేదా?’ అని. చేసి ఉండొచ్చు. సర్టిఫికెట్ కూడా నిజమే అయి ఉండొచ్చు. హిందూపురం, అనంతపురం, మదనపల్లె వైపు నుంచి డిప్లొమా చేసి వచ్చి బెంగళూరులో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేస్తున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. స్టిక్కరుకీ మీటరుకీ మధ్య ఈ తేడా ఎందుకొచ్చిందని ఆడిటర్ అడిగితే జవాబు వాళ్లే చెప్పాలి.

కార్డు లోపల

కంట్రోలర్ లోపల ఆదేశం ఒక అంకె మాత్రమే. అవుట్‌పుట్ కార్డులోని డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ ఆ అంకెను ఒక స్థిరమైన రిఫరెన్స్ వోల్టేజీతో కొలిచి అందులో అంత భాగం బయటికిస్తుంది. తర్వాత యాంప్లిఫయర్, ఒక కచ్చితమైన రెసిస్టర్ కలిసి దాన్ని 4-20 మిల్లీ ఆంప్స్‌గానో 0-10 వోల్టులుగానో మారుస్తాయి. గాలి ఒత్తిడితో వాల్వులు నడిచిన రోజుల్లో 3-15 పీఎస్ఐ సిగ్నల్ వాడేవాళ్లు. కింది అంచు సున్నా దగ్గర కాకుండా కాస్త పైన మొదలయ్యే పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. 4 మిల్లీ ఆంప్స్ అంటే 0 శాతం, అసలు కరెంటే లేకపోతే వైరు తెగిందని అర్థం. ఈ డీసీ సిగ్నళ్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60381-1.

కార్డు కొనేటప్పుడు ‘16 బిట్’ అన్న మాట గట్టిగా వినిపిస్తుంది. 16 బిట్ అంటే 65,536 మెట్లు. 16 మిల్లీ ఆంప్స్ నిడివిని అన్ని ముక్కలు చేస్తే ఒక్కో మెట్టు సుమారు 0.00024 మిల్లీ ఆంప్స్. మెట్లు ఎంత సన్నగా ఉన్నాయన్నది ఒక సంగతి, మెట్ల వరస మొత్తం సరైన చోట నిలబడిందా అన్నది మరో సంగతి. పై వాల్వు దగ్గర కనిపించిన 0.080 తేడా దాదాపు 328 మెట్లతో సమానం. బిట్లు ఎన్ని ఉన్నా ఆ తేడా పోదు.

పాసంగం, అరిగిన రాయి

సంతలో తక్కెడ పట్టుకుని చూస్తే ఈ తప్పుల స్వభావం సులువుగా అర్థమవుతుంది. ఖాళీ తక్కెడ ఒక పక్కకు వాలితే రెండో పక్క చిన్న రాయి కట్టి పాసంగం సరిచూసుకుంటారు. ఆ వాలు అలాగే వదిలేస్తే పావుకిలో తూచినా ఐదు కిలోలు తూచినా పడే తేడా ఒకటే. కార్డులో దీన్ని ఆఫ్‌సెట్ అంటారు, షాప్ ఫ్లోర్ మాటలో జీరో. కిలో రాయి అరిగి 980 గ్రాములకు వస్తే మాత్రం తేడా బరువుతో పాటే పెరుగుతుంది. కిలోకి 20 గ్రాములు, ఐదు కిలోలకు 100. ఇది గెయిన్ తప్పు, షాప్ ఫ్లోర్ మాటలో స్పాన్. పాసంగం కట్టి అరిగిన రాయిని సరిచేయలేరు, రాయి మార్చి వాలును సరిచేయలేరు. అందుకే కొలత ఒక్క చోట తీసుకుంటే చాలదు.

మూడోది నాన్ లీనియారిటీ. రెండు చివరలూ సరిగ్గా ఉండి మధ్యలో గీత కాస్త వంగడం. నేటి కార్డుల్లో ఇది సాధారణంగా తక్కువే, అయినా 50 శాతం దగ్గర ఒకసారి చూడనిదే లేదని చెప్పలేం.

ఇవన్నీ పుట్టేది తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు. రిఫరెన్స్ వోల్టేజీ కొంచెం, రెసిస్టర్ కొంచెం, యాంప్లిఫయర్ కొంచెం. వేడి పెరిగితే మూడూ కదులుతాయి. ఒక కార్డు డిగ్రీకి 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) చొప్పున జరుగుతుందనుకుంటే, 23 డిగ్రీల ల్యాబ్‌లో సరిచేసిన ఆ కార్డు 45 డిగ్రీల ప్యానెల్‌లోకి వెళ్లగానే 550 పీపీఎం, అంటే 0.055 శాతం పక్కకు వెళుతుంది. బెంగళూరు చల్లని ఊరన్న ధీమా ఇక్కడ పనికిరాదు. రేకుల షెడ్డు, ఫ్యాను ఆగిపోయిన ప్యానెల్, పక్కనే మోటారును నడిపే డ్రైవు ఉంటే లోపలి వేడికి బయటి వాతావరణంతో సంబంధం ఉండదు. కార్డు ఏ వేడిలో పనిచేస్తుందో ఆ వేడిలోనే, పవర్ ఇచ్చి అది నిలకడకు వచ్చాకే చూడాలి. అరగంట ఆగడం మామూలు అలవాటు, మాన్యువల్ ఇంకా ఎక్కువ చెబితే అదే పాటించాలి.

క్లోజ్‌డ్ లూప్ కప్పిపుచ్చేది

ఇన్‌పుట్ తప్పయితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. థర్మామీటరు ఒకటి చెప్పి స్క్రీన్ ఇంకొకటి చెబితే తెలిసిపోతుంది. అవుట్‌పుట్ విషయం అలా కాదు. టెంపరేచర్ కంట్రోల్ లూప్‌లో కార్డు ఒక శాతం ఎక్కువ పంపితే ట్యాంకు కొంచెం వేడెక్కుతుంది, సెన్సర్ అది గమనిస్తుంది, కంట్రోలర్ ఆదేశాన్ని ఒక శాతం తగ్గిస్తుంది. టెంపరేచర్ మళ్లీ సరిగ్గా నిలుస్తుంది. స్క్రీన్ మీద వాల్వు 41 అని చూపించే చోట 40 చూపిస్తుంది, అంతే. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అంచుల దగ్గర మాత్రం బయటపడుతుంది. కంట్రోలర్ 0 కంటే కిందికి వెళ్లలేదు కాబట్టి 4.080 దగ్గర వాల్వు అర శాతం తెరిచే ఉంటుంది. మొదట చెప్పిన ట్యాంకులో జరిగింది ఇదే. సిగ్నల్‌కు తగ్గట్టు వాల్వును కదిలించే పరికరం పొజిషనర్. చాలా పొజిషనర్లలో ఒక కటాఫ్ ఉంటుంది, సిగ్నల్ ఒక స్థాయి కంటే తగ్గితే వాల్వును పూర్తిగా మూసేస్తుంది. అది ఉన్న చోట ఈ తప్పు ఇంకా లోతుగా దాక్కుంటుంది.

1953లో హెచ్ఎంటీ మొదలైనప్పటి నుంచి బెంగళూరు మెషిన్ టూల్స్‌కు పెట్టింది పేరు. కంప్యూటర్ నడిపే పాత సీఎన్‌సీ మెషిన్లలో, మోటారును తిప్పే సర్వో డ్రైవుకు వేగం ఆదేశం ప్లస్ ఆర్ మైనస్ 10 వోల్టుల రూపంలో వెళుతుంది. 10 వోల్టులకు 3000 ఆర్‌పీఎం అనుకుంటే, 12 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్ ఉన్నా షాఫ్టు నిమిషానికి 3.6 చుట్లు తిరగాలి. పొజిషన్ లూప్ ఆన్‌లో ఉన్నంతసేపు కంట్రోలర్ మైనస్ 12 మిల్లీవోల్టులు పంపుతూ దాన్ని పట్టి ఉంచుతుంది, ఆపరేటర్‌కు ఏమీ తెలియదు. లూప్ విడదీసి డ్రైవును మాత్రం ఎనేబుల్ చేసిన రోజు, ఆదేశం సున్నా అయినా యాక్సిస్, అంటే మెషిన్‌లో కదిలే భాగం, మెల్లగా పాకడం కంటికి కనిపిస్తుంది.

దిద్దేవాళ్లే లేని ఓపెన్ లూప్ పనుల్లో అవుట్‌పుట్ తప్పు నేరుగా సరుకులోకి వెళుతుంది. నీటి ప్రవాహాన్ని బట్టి మందు కలిపే డోసింగ్ పంపు, వేగం ఫీడ్‌బ్యాక్ లేని కన్వేయర్ ఇలాంటివే. అక్కడ ఒక శాతం తప్పంటే మందులోనూ ఒక శాతం తప్పే. ఏ కార్డును ఎంత తరచుగా చూడాలన్నది నిర్ణయించేటప్పుడు దాని ధర కాకుండా, దాని తప్పును సరిదిద్దేది వెనక ఇంకేమైనా ఉందా అన్నది చూడడమే సరైన పద్ధతి.

పోల్చడం ఒక పని, తిప్పడం ఇంకో పని

‘కాలిబ్రేషన్ చేశాం’ అంటే చాలామందికి స్క్రూ తిప్పి సరిచేశాం అని అర్థం. కొలతల శాస్త్రపు అంతర్జాతీయ పదకోశం ఈ రెండింటినీ కలపకూడదని స్పష్టంగానే చెబుతుంది. పుస్తకాల తెలుగులో క్రమాంకనం అనే ఈ పని ప్రధానంగా పోల్చడం. పరికరం చూపిన విలువకూ ప్రమాణం చూపిన విలువకూ సంబంధాన్ని, అందులోని అనిశ్చితితో (కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో దానితో) సహా, తేల్చి చెప్పడం. తిప్పి సరిచేయడాన్ని అడ్జస్ట్‌మెంట్ అంటారు. అది అవసరమైతేనే చేస్తారు, చేశాక మళ్లీ పోల్చి చూడాలి.

అందుకే మంచి రిపోర్టులో రెండు వరసలుంటాయి. ‘యాజ్ ఫౌండ్’ అంటే చేయి పెట్టకముందు ఎలా ఉందో, ‘యాజ్ లెఫ్ట్’ అంటే పని అయ్యాక ఎలా ఉందో. మొదటి వరస రాయకుండా స్క్రూ తిప్పేస్తే కార్డు బాగుపడుతుంది కానీ అప్పటిదాకా అది ఎంత తప్పుగా పనిచేసిందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది. టెన్షన్‌లో, షట్‌డౌన్ టైం అయిపోతోందని ఈ వరస వదిలేయడం చాలా చోట్ల జరిగేదే. మొత్తం పనిలో పెద్ద నష్టం ఇక్కడే.

మీటరు, వైరు, లోడు

మామూలు చేతి మల్టీమీటరు కరెంటు రేంజిలో ఒక శాతం కచ్చితత్వం ఇస్తుందనుకుందాం. 20 మిల్లీ ఆంప్స్ దగ్గర దాని సొంత తప్పే 0.2 మిల్లీ ఆంప్స్ దాకా ఉండొచ్చు. కార్డు తయారీదారు హామీ ఇచ్చేది స్పాన్‌లో, అంటే 4 నుంచి 20 దాకా ఉన్న 16 నిడివిలో, 0.1 శాతం అయితే అది 0.016 మాత్రమే. అంటే కొలిచే కర్ర మీద గీతలే కొలవాల్సిన తేడా కంటే పన్నెండు రెట్లు దూరంగా ఉన్నాయి. అలాంటి మీటరుతో తిప్పితే బాగున్న కార్డు చెడుతుంది. పోల్చడానికి వాడే ప్రమాణ పరికరం కార్డు కంటే కనీసం నాలుగు రెట్లు మెరుగ్గా ఉండాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. సిగ్నల్ కరెంటును కచ్చితంగా కొలిచే 0.02 శాతం లూప్ కాలిబ్రేటర్ అయితే 20 దగ్గర 0.004, అంటే సరిగ్గా నాలుగు రెట్లు. అది లేకపోతే 0.01 శాతం రకం 250 ఓమ్‌ల రెసిస్టర్‌ను లూప్‌లో పెట్టి దాని మీద వోల్టేజీని మంచి మీటరుతో చదవొచ్చు. 4 మిల్లీ ఆంప్స్‌కు 1 వోల్టు, 20కి 5 వోల్టులు. 20 దగ్గర ఆ రెసిస్టర్‌లో 0.1 వాట్ వేడి పుడుతుంది, కాబట్టి వేడికి విలువ మారని రకమే కావాలి.

నడుస్తున్న లూప్‌లో వైరు విప్పడం అంటే వాల్వును దాని ఫెయిల్ పొజిషన్‌కు (సిగ్నల్ పోతే అది వెళ్లి ఆగే చోటికి) పంపడమే. పర్మిట్, బైపాస్, మాన్యువల్ మోడ్ లేకుండా ఆ టెర్మినల్ స్క్రూ మీద చేయి వేయకూడదు.

కరెంటు సిగ్నల్ ఎక్కడ కొలిచినా ఒకటే రావాలి, అదే దాని బలం. రాకపోతే దారిలో లీకేజీ ఉన్నట్టు. చెన్నై మణలి లాంటి సముద్రపు గాలి తగిలే చోట జంక్షన్ బాక్సులో ఉప్పు తేమ చేరితే కార్డు దగ్గర 12.00 ఉన్నా వాల్వు దగ్గర తక్కువ కనిపిస్తుంది. అక్కడ కార్డును తిప్పడం పుండు ఒకచోట ఉంటే మందు మరోచోట రాసినట్టే. వోల్టేజీ సిగ్నల్‌కు మరో బలహీనత ఉంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 100 మీటర్ల దూరం పోయి తిరిగొస్తే నిరోధం ఏడెనిమిది ఓమ్‌లు. అవతల ఇన్‌పుట్ 10,000 ఓమ్‌లయితే తప్పు 0.075 శాతం దగ్గర ఉంటుంది. అదే 1,000 ఓమ్‌లయితే పది రెట్లు. అందుకే వోల్టేజీని కార్డు దగ్గరే కాకుండా లోడు (సిగ్నల్ అందుకునే పరికరం) దగ్గర కూడా చదవాలి.

ఇంకో మోసం లోడుతో వస్తుంది. కరెంటు అవుట్‌పుట్ తన ముందున్న నిరోధాన్ని దాటించి 20 మిల్లీ ఆంప్స్ నెట్టాలంటే తగినంత వోల్టేజీ కావాలి. 600 ఓమ్‌లకు 12 వోల్టులు. పొజిషనర్‌కు తోడు ఇండికేటర్, బారియర్ (పేలుడు ప్రమాదమున్న చోట కరెంటును హద్దులో ఉంచే పరికరం) కలిపేసరికి కార్డు శక్తికి మించితే 4 బాగుంటుంది, 12 బాగుంటుంది, పైకి పోయేకొద్దీ ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. మధ్యదాకా సరిగ్గా ఉండి పైన మాత్రమే కొరత పడితే అది స్పాన్ తప్పు కాదు. దాన్ని స్పాన్‌తో ఎక్కించే ప్రయత్నం చేస్తే కిందంతా పాడవుతుంది.

రెండు బిందువుల లెక్క

మొదటి ఉదాహరణలోని కార్డునే తీసుకుంటే: 0 శాతం ఆదేశానికి 4.080, 50 శాతానికి 12.120, 100 శాతానికి 20.160 వచ్చాయి. ఉండాల్సింది 4, 12, 20. తేడాలు 0.080, 0.120, 0.160. తేడా సున్నా దగ్గరే ఉంది కాబట్టి ఆఫ్‌సెట్ ఉంది, పైకి పోయేకొద్దీ పెరుగుతోంది కాబట్టి గెయిన్ తప్పు కూడా ఉంది. 20.160 నుంచి 4.080 తీసేస్తే వచ్చిన స్పాన్ 16.080, ఉండాల్సింది 16, అంటే గెయిన్ 1.005. మధ్య బిందువు సరిగ్గా ఇదే గీత మీద ఉంది కాబట్టి వంపు లేదు.

సాఫ్ట్‌వేర్‌తో దిద్దడం సులువు. కావాల్సిన కరెంటు నుంచి 4.080 తీసేసి 16.080తో భాగిస్తే పంపాల్సిన ఆదేశం వస్తుంది. 12 కావాలంటే 49.25 శాతం పంపాలి, 20 కావాలంటే 99.0. మరి 4 కావాలంటే? మైనస్ 0.5 శాతం. కార్డు పరిధి సరిగ్గా 4 దగ్గరే మొదలైతే మైనస్‌లోకి వెళ్లే దారే లేదు, ఎంత లెక్క వేసినా ఆ వాల్వు మూసుకోదు. పరిధి 0 నుంచో, 4 కంటే కాస్త కింది నుంచో మొదలయ్యే కార్డులకు ఈ వెసులుబాటు ఉంటుంది.

దీనికి తిరగబడిన సమస్య 0-10 వోల్టుల కార్డుల్లో ఉంది. ఆఫ్‌సెట్ మైనస్ 20 మిల్లీవోల్టులున్నా అవుట్‌పుట్ సున్నా కిందికి దిగలేకపోతే మీటరు చక్కగా 0.000 చూపిస్తుంది. జీరో సరిగ్గా ఉందని రాసేస్తారు. 1 వోల్టు దగ్గర చూస్తే 0.980 అని బయటపడుతుంది. అందుకే కింది బిందువును అంచు మీద కాకుండా 10 శాతం దగ్గర, పై బిందువును 90 దగ్గర తీసుకోవడం మేలు.

స్క్రూతో తిప్పే పాత కార్డుల్లో జీరో, స్పాన్ ఒకదాన్నొకటి లాగుతాయి. స్పాన్ తిప్పితే కింద ఉన్న 4 కూడా కదులుతుంది. జీరో పట్టి, స్పాన్ పట్టి, మళ్లీ జీరోకి రావాలి. మూడు నాలుగు రౌండ్లు తిరిగితే గానీ రెండూ కుదురుకోవు.

పొజిషనర్‌కు కూడా సొంత ట్రిమ్, అంటే సర్దుబాటు, ఉంటుంది. కార్డు తప్పును దాంట్లో సర్దేస్తే ఆరోజుకు వాల్వు సరిగ్గానే మూసుకుంటుంది. రెండేళ్ల తర్వాత కార్డు కాలిపోయి కొత్తది పెడితే, ఏ తప్పూ లేని కొత్త కార్డుతో వాల్వు తప్పుగా నడుస్తుంది. కార్డును కార్డుగా, వాల్వును వాల్వుగా విడివిడిగా చూడాలి.

మీటరును ఎవరు చూస్తారు

లూప్ కాలిబ్రేటర్‌ను ల్యాబ్‌లోని ఇంకా మంచి పరికరంతో పోలుస్తారు, దాన్ని అంతకంటే మంచిదానితో. ఈ గొలుసు మన దేశంలో న్యూఢిల్లీలోని సీఎస్ఐఆర్ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ దాకా వెళుతుంది. ఆ పైన 2019 మే 20 నుంచి ఆంపియర్ ఎలక్ట్రాన్ ఆవేశానికి నిర్ణయించిన స్థిరమైన విలువ మీద ఆధారపడింది. ప్రతి మెట్టులోనూ కొంత అనిశ్చితి చేరుతుంది. ల్యాబ్‌కు ఆ సామర్థ్యం ఉందో లేదో చూసే ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025, గుర్తింపు ఇచ్చేది ల్యాబ్‌ల జాతీయ గుర్తింపు బోర్డు ఎన్ఏబీఎల్. పీణ్యాలోనే కేంద్ర ప్రభుత్వపు పరీక్షలు, నాణ్యత విభాగం ఎస్‌టీక్యూసీ కింద పనిచేసే ఎలక్ట్రానిక్స్ టెస్ట్ అండ్ డెవలప్‌మెంట్ సెంటర్ ఉంది. ప్రైవేటు ల్యాబ్‌లకు పంపేటప్పుడు గుర్తింపు ఉందా అని మాత్రమే అడిగితే సరిపోదు. డీసీ కరెంటుకు, ఆ రేంజికి, ఎంత అనిశ్చితితో గుర్తింపు ఉందో దాని స్కోప్‌లో (గుర్తింపు వేటికి వర్తిస్తుందో చెప్పే జాబితాలో) చూడాలి.

గడువు తేదీ ఎవరిది

స్టిక్కరు మీద ఏడాది గడువు చట్టమనుకుంటారు చాలామంది. 2017 నాటి 17025 చెప్పేది ఇంకోలా ఉంది. కస్టమర్ ఒప్పుకుంటే తప్ప సర్టిఫికెట్‌లో తదుపరి గడువు సిఫార్సు చేయకూడదు. పరికరం ఎక్కడ పెడతారో, దాని తప్పుకు ఎంత నష్టమో తెలిసింది వాడేవాళ్లకే కాబట్టి తేదీ వాళ్లే తేల్చుకోవాలి. ఎలా తేల్చాలన్నదానికి ల్యాబ్ గుర్తింపు సంస్థల అంతర్జాతీయ కూటమి ఐలాక్ తెచ్చిన జీ24 అనే మార్గదర్శిని ఉంది. దానికి ముడిసరుకు మాత్రం యాజ్ ఫౌండ్ వరసే.

ఒక కార్డు మూడేళ్లలో 4.003, 4.005, 4.006 అని చూపించిందనుకుంటే అది నెమ్మదిగా, ఒక తీరున ముసలిదవుతోంది. గడువు పొడిగించే ఆలోచన చేయొచ్చు. 4.003, 4.005 తర్వాత ఒక్కసారిగా 4.080 వస్తే అది వయసు కాదు, మధ్యలో ఏదో జరిగింది. సర్జ్ (ఒక్కసారిగా పోటెత్తిన వోల్టేజీ) తగిలిందా, కార్డు మార్చారా, ప్యానెల్ ఫ్యాను ఆగిపోయిందా అని వెతకాల్సిందే. దాన్ని ట్రిమ్ చేసి స్టిక్కరు అతికిస్తే కారణం లోపలే ఉండిపోతుంది. పరిమితి దాటిన యాజ్ ఫౌండ్ వచ్చినప్పుడు మరో పని మీద పడుతుంది. కిందటిసారి సరిగ్గా ఉన్న తేదీ నుంచి ఈరోజు దాకా ఆ కార్డు నడిపిన బ్యాచులన్నీ తీసి, ఆ తప్పు వాటి మీద పడిందా అని చూడాలి. మందుల కంపెనీలో ఆడిటర్ మొదట అడిగేది ఆ లిస్టే.